ఒక గది, ఒక పైకప్పు, నాలుగు గోడలు: రంగులు, పూతలు, వాల్‌పేపర్ పని డైరీ

పైకప్పుకూ మూడు గోడలకూ ఎమల్షన్ (నీటి ఆధారిత పెయింట్), నాలుగో గోడకు వాల్‌పేపర్, తలుపుకు ఎనామిల్ (ఇక్కడ నూనె ఆధారిత పెయింట్) వేయడం ఈ డైరీలోని పని. ఇదే పని చేయదలచినవారు దీన్ని చూసి చేసుకోవచ్చు. నాకు పని చెడిన చోట్లను తప్పించుకోవచ్చు. డబ్బా మీద అచ్చయిన మాటనైనా, పెయింటర్లు రోజూ వాడే మాటనైనా దాని పక్కన ఒక కొలతో ఒక పరీక్షో రాయగలిగితేనే డైరీలో వాడాలని ముందుగానే నియమం పెట్టుకున్నాను. ‘ఆరింది’, ‘పట్టింది’, ‘రెండు కోట్లు వేశాం’ అనే మాటలను ఎవరి లెక్కలో వారు వాడుకోవడం వల్లనే చాలా పూతలు ఏడాది తిరగకముందే పెచ్చులూడతాయి. పెయింట్ల పదజాలానికి ఐఎస్ఓ 4618 అనే ప్రమాణమూ, వాల్‌పేపర్ పదాలకూ గుర్తులకూ ఈఎన్ 235 అనే ప్రమాణమూ ఉన్నాయి. అవి పదానికి అర్థాన్ని చెబుతాయి గానీ, మన గోడ ఆ అర్థానికి సరిపోతోందో లేదో మనమే చూసుకోవాలి.

దశ 1: కొలతలు, పాత పూత పరీక్ష

గది పొడవు 4.2 మీటర్లు, వెడల్పు 3.6 మీటర్లు, ఎత్తు 2.75 మీటర్లు. చుట్టుకొలత 15.6 మీటర్లు కాబట్టి గోడల మొత్తం వైశాల్యం 42.9 చదరపు మీటర్లు. తలుపు (0.9 × 2.1) 1.89 చదరపు మీటర్లు, కిటికీ (1.5 × 1.2) 1.8 చదరపు మీటర్లు తీసేస్తే 39.21 చదరపు మీటర్లు మిగిలాయి. తలుపూ కిటికీ లేని 3.6 మీటర్ల లోపలి గోడను, అంటే 9.9 చదరపు మీటర్లను, వాల్‌పేపర్‌కు కేటాయించాను. బయటి గోడలను కావాలనే వదిలేశాను. వినైల్ పొర ఉన్న వాల్‌పేపర్ తేమను బయటికి పోనివ్వదు. చెమ్మ ఉన్న గోడకు దాన్ని అంటిస్తే వెనక బూజు పడుతుంది.

పాత పూతను ఈ వరుసలో పరీక్షించాను.

1. నల్లటి పొడి గుడ్డతో గోడను గట్టిగా రుద్దాలి. గుడ్డకు తెల్లటి పొడి అంటితే అది ‘సుద్ద రాలడం’. పైకప్పు మీది పాత సున్నం గుడ్డను పూర్తిగా తెల్లబరిచింది.
2. మిథిలేటెడ్ స్పిరిట్‌లో ముంచిన దూదితో కొంతసేపు రుద్దాలి. రంగు మెత్తబడి దూదికి అంటితే నీటి ఆధారిత పెయింట్, చెక్కుచెదరకపోతే చాలా వరకు ఆయిల్ పెయింట్. మూడు గోడల అడుగు భాగంలో, నేల నుంచి 1.2 మీటర్ల ఎత్తు వరకు ఉన్న మెరుపు పట్టీ ఆయిల్ పెయింట్ అని ఇలా తేలింది.
3. గోడ మీద నీటి చుక్క వేయాలి. వెంటనే ఇంకిపోతే గోడకు ‘పీల్చుడు’ ఎక్కువ, జారిపోతే పైన మెరుపు గానీ జిడ్డు గానీ ఉంది.
4. పదునైన బ్లేడుతో ‘ఇంటూ’ ఆకారంలో కోసి, దాని మీద టేపు అంటించి ఒక్క లాగు లాగాలి. ‘పట్టు’ అన్న మాటకు ఈ డైరీలో ఇదే కొలత.

నాలుగో పరీక్షలో ఒక చిక్కు ఉంది. ఇదే పరీక్షను పూతను చిన్న గళ్లుగా కోసి కూడా చేస్తారు. ఐఎస్ఓ 2409 ప్రకారం ఆ గళ్ల కోత పరీక్షలో 0 అంటే అత్యుత్తమం, 5 అంటే అధమం. ఏఎస్టీఎం డి3359లో దీనికి సరిగ్గా తలకిందులు: 5 అంటే ఏమీ ఊడలేదని, 0 అంటే 65 శాతం కంటే ఎక్కువ ఊడిందని. రెండు కంపెనీల కాగితాలను పక్కపక్కన పెట్టి చదివేవారు అంకెకు ముందు ప్రమాణం పేరు చూడకపోతే, ఊడిపోయే ప్రైమర్‌నే మంచిదనుకుని తెచ్చుకుంటారు. ఈ డైరీలో అంతటా ఐఎస్ఓ లెక్కలోనే రాస్తున్నాను. మందమైన లప్పానికి గళ్ల కోత పనికిరాదు కాబట్టి అక్కడ ‘ఇంటూ’ కోత వేసి ఫలితాన్ని మాటల్లో రాశాను.

పాత ఆయిల్ పెయింట్ కనబడితే సీసం సంగతి కూడా చూడాలి. పెయింట్‌లో మొత్తం సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదని ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం తన నమూనా చట్టంలో సూచించింది. పాత పూతల్లో అంతకు ఎన్నో రెట్లు ఉండే అవకాశం ఉంది. పెచ్చును ప్రయోగశాలకు పంపి సీసం లేదని తెలుసుకున్న తరువాతే ఆ పట్టీ మీద ఎమరీ పెట్టాను. తెలియనప్పుడు పొడిగా ఎమరీ పెట్టి రుద్దకూడదు, మంటతో కాల్చకూడదు, పిల్లలను ఆ గది దరిదాపులకు రానివ్వకూడదు.

ఇప్పటివరకు: పెయింట్ వేయాల్సిన గోడలు 29.31 చ.మీ., పైకప్పు 15.12 చ.మీ., వాల్‌పేపర్ 9.9 చ.మీ.

దశ 2: పాతది తీసివేయడం

పైకప్పు మీది సున్నాన్ని తడిపి, వెడల్పాటి స్క్రేపర్‌తో గీకి, స్పాంజితో కడిగాను. సుద్ద రాలే సున్నం మీద ఎమల్షన్ వేస్తే అది పట్టుకునేది పైనున్న పొడిని మాత్రమే. పొడి కదిలితే పూత దాంతో పాటే ఊడుతుంది. ‘సున్నం గట్టిగానే ఉంది, ప్రైమర్ కొడితే చాలు’ అనే సలహా తరచూ వినబడుతుంది. దాన్ని పరీక్షించడానికి ఒక మూల గీకకుండా ఉంచి నేరుగా ప్రైమర్ వేశాను. అది ఆరిన తరువాత టేపు లాగితే టేపు వెడల్పున ప్రైమర్ అంతా సున్నంతో సహా వచ్చేసింది. గీకి కడిగిన చోట టేపుకు ఏమీ రాలేదు.

వాల్‌పేపర్‌కు కేటాయించిన గోడకు అంతకుముందే పాత వాల్‌పేపర్ ఉంది. దాని పైనున్న వినైల్ పొర మూల పట్టి లాగగానే పొడవుగా ఊడి వచ్చింది. అడుగు కాగితాన్ని గోరువెచ్చని నీటితో తడిపి, నానిన తరువాత గీకాను. పైకి గోడ శుభ్రంగానే కనిపించింది. నమూనాగా అరచేతి వెడల్పున ప్రైమర్ వేసి చూస్తే, ఆరుతున్నకొద్దీ దాని మీద సన్నటి నెర్రెలు బయలుదేరాయి. కారణం గోడ మీద మిగిలిపోయిన పాత జిగురే. ప్రైమర్‌లోని నీరు తగలగానే అది ఉబ్బి, ఆరేటప్పుడు కుంచించుకుని పై పొరను లాగేస్తుంది.

జిగురు ఎక్కడెక్కడ మిగిలిందో కంటికి తెలియదు. పాత జిగురు పిండి పదార్థంతో చేసినదైతే టింక్చర్ అయోడిన్ దాన్ని పట్టిస్తుంది. నీటితో పలుచన చేసిన అయోడిన్‌ను దూదితో అద్దితే, శుభ్రమైన చోట గోధుమ రంగు మరకే మిగిలింది. జిగురున్న చోట అది క్షణాల్లో ముదురు నీలం మీదుగా నలుపుకు తిరిగింది. పైనుంచి తెల్లగా, నున్నగా కనబడిన గోడ మధ్యలో పాత బ్రష్షు గీతలు నీలి చారలుగా తేలడం చూశాక, గోడను మొత్తంగా కాక చారల వెంబడే కడిగాను. మిథైల్ సెల్యులోజ్ జిగురుకు ఈ రంగు రాదు. అలాంటి గోడను తడి చేత్తో రుద్ది జారుడు తగులుతుందేమో చూడాలి.

1. గోరువెచ్చని నీరు, స్పాంజి. నీరు తెల్లబడగానే మార్చాలి.
2. గోడ ఆరాక మళ్లీ అయోడిన్.
3. నీలం రాని దాకా ఇదే.

దశ 3: చెమ్మ, ఉప్పు

కిటికీ కింద కుడి మూలలో పెయింట్ పొక్కులు లేచి, వాటి అడుగున తెల్లటి సన్నని నూగు ఉంది. ఇది ఉప్పు పొంగు. గోడలోని నీరు లవణాలను కరిగించి పైకి తెచ్చి, తాను ఆవిరై వాటిని గోడ మీద వదిలేస్తుంది. పూత కిందే ఆవిరైతే స్ఫటికాలు పెరిగి పూతను నెట్టేస్తాయి. ముందు పొడి బ్రష్షుతోనే దులిపి, ఆ పొడిని ఎత్తి పారేయాలి. నీటితో కడిగితే ఉప్పు మళ్లీ కరిగి గోడలోకే పోతుంది.

చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోవడానికి 45 సెంటీమీటర్ల చదరపు ప్లాస్టిక్ షీటును నాలుగు వైపులా టేపుతో బిగించి కనీసం 16 గంటలు ఉంచాలి. షీటుకు గోడ వైపు నీటి బిందువులు ఉంటే తేమ గోడలోనిది. గది వైపు ఉంటే గాలిలోని తేమ చల్లటి తలానికి తగిలి చేరినది. మొదటిదానికి బయట మరమ్మతు కావాలి, రెండోదానికి గాలి ఆడాలి. రెండింటినీ కలిపి ‘డ్యాంప్’ అనేసి డ్యాంప్‌ప్రూఫ్ పెయింట్ తెచ్చుకోవడం వల్ల తప్పుడు గోడకు తప్పుడు మందు పడుతుంది. ఇక్కడ బిందువులు గోడ వైపే ఉన్నాయి.

కారణం బయట దొరికింది. కిటికీ అడుగు పలక గోడకు బయటికి పొడుచుకుని ఉంది గానీ, దాని అడుగున నీటిని తెంపే గాడి లేదు. వాన నీరు పలక అడుగున వెనక్కి పాకి, పలకా గోడా కలిసే చోటనున్న బీటలోకి చేరుతోంది. పలక అడుగున గాడి కోయించి, బీటను తెరిచి దుమ్ము తీసి, సాగే గుణమున్న సీలెంటు నింపాను. లోపల 0.6 × 0.5 మీటర్ల మేర ఉప్పు పట్టిన ప్లాస్టరింగ్‌ను ఇటుక వరకు కొట్టేసి, గోడ ఆరిందని ప్లాస్టిక్ షీటు చెప్పాక 12 మిల్లీమీటర్ల మందాన సిమెంటు ప్లాస్టరింగ్ చేశాను. లోపల చెమ్మను అడ్డే పూత ఏదీ వేయలేదు. నీరు వచ్చే దారి మూయకుండా లోపలి ముఖాన్ని మాత్రమే మూస్తే, ఆ నీరు పక్కనున్న గోడలో మరింత ఎత్తుకు పోయి బయటపడుతుంది.

కొత్త సిమెంటు ప్లాస్టరింగ్ క్షార గుణం 12 నుంచి 13 పీహెచ్ వరకు ఉంటుంది. నూనె ఆధారిత పెయింట్ అలాంటి గోడకు తగిలితే, క్షారం ఆ నూనెను సబ్బుగా మార్చేస్తుంది; పూత జిగటగా మారి ఊడుతుంది. అందుకే 28 రోజులు ఆగమంటారు. అయితే 28 అనే అంకె గోడకు తెలియదు. గోడను తడిపి ఫినాఫ్తలీన్ చుక్క వేస్తే, క్షారం ఎక్కువగా ఉన్నంతకాలం గులాబీ రంగు వస్తుంది. ఆ రంగు చెరిగిపోయేలా లేత పడ్డాకే క్షారాన్ని తట్టుకునే నీటి ఆధారిత ప్రైమర్‌కు వెళ్లాను.

ఇప్పటివరకు: తీసి మళ్లీ చేసిన ప్లాస్టరింగ్ 0.3 చ.మీ.; సిమెంటు మిశ్రమం సుమారు 3.6 లీటర్లు.

దశ 4: లప్పం, ఎమరీ

లప్పం పని గోడలోని గుంతను నింపి తలాన్ని సమం చేయడం. అది ప్రైమర్ కాదు, చెమ్మకు మందూ కాదు. తెల్ల సిమెంటు లప్పం నీటితో కలిసి గట్టిపడుతుంది. యాక్రిలిక్ లప్పం నీరు ఆవిరైతే గట్టిపడుతుంది. మొదటిది తడిపిన గోడ మీద, రెండోది ఆరిన గోడ మీద, ప్రైమర్ తరువాత. ఈ వరుస తారుమారైతే పట్టు పోతుంది. గోడలకు తెల్ల సిమెంటు లప్పం రెండు పలుచని పొరలుగా, మొదటిది అడ్డంగా, రెండోది నిలువుగా లాగాను.

పాత ఆయిల్ పెయింట్ పట్టీ మీద మాత్రం లప్పం నిలవలేదు. ఆరాక చూడటానికి బాగానే ఉంది గానీ, ‘ఇంటూ’ కోత పెట్టి టేపు లాగగానే పొర మొత్తం గాజు మీది కాగితంలా లేచింది. నమూనా ముక్కల మీద మూడు దారులు చూశాను.

1. ఉత్త పట్టీ మీద లప్పం: పూర్తిగా ఊడింది.
2. పీ120 ఎమరీతో మెరుపు చంపి, డిటర్జెంట్‌తో కడిగి, లప్పం: కోత అంచుల్లో అక్కడక్కడా ఊడింది.
3. అదే విధంగా మెరుపు చంపి, కడిగి, నున్నటి తలాలకు పట్టే ప్రైమర్ వేసి, దాని మీద యాక్రిలిక్ లప్పం: కోత దగ్గర కూడా ఊడలేదు.

పట్టీ అంతటా మూడో దారినే పోయాను. తెల్ల సిమెంటు లప్పాన్ని అక్కడ వాడలేదు. అది గట్టిపడటానికి గోడ నుంచి అందాల్సిన తడి, పీల్చుడు లేని ఆయిల్ పెయింట్ దగ్గర దొరకదు.

ఎమరీ కాగితం అంకె పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. లప్పం గీతలకు పీ120, ఆఖరి నున్నదనానికి పీ180, కోట్ల మధ్య పీ220 సరిపోయాయి. పీ80తో మొదలుపెట్టిన చోట పడ్డ గాట్లు రెండు కోట్ల తరువాత కూడా వాలు వెలుతురులో కనిపించాయి కాబట్టి దాన్ని పక్కన పెట్టేశాను. గోడ నునుపును పగటి వెలుగులో ఎదురుగా నిలబడి చూడకూడదు. గోడకు ఆనించి పట్టిన టార్చి వెలుతురులో చూడాలి. ఎమరీ పెట్టేటప్పుడు ఎఫ్ఎఫ్పీ2 మాస్కు తప్పనిసరి. ముక్కుకు కట్టిన గుడ్డ సన్నటి పొడిని ఆపదు.

ఇప్పటివరకు: లప్పం అన్ని రకాలూ కలిపి 26 కిలోలు.

దశ 5: ప్రైమర్

ప్రైమర్, సీలర్, అండర్‌కోటు అనే మూడింటినీ దుకాణాల్లో ఒకదాని బదులు ఒకటి ఇచ్చేస్తుంటారు. గోడకూ పై పూతకూ మధ్య పట్టు కలిగించేది ప్రైమర్. పీల్చుడును సమం చేసేది సీలర్. రంగును కప్పడానికీ, పై కోటుకు మందం ఇవ్వడానికీ వేసేది అండర్‌కోటు. ఒకే డబ్బా రెండు పనులు చేయవచ్చు. ఏ పనికి తెచ్చామో ఆ పనికి పరీక్ష పెట్టాలి. నీటి చుక్క పరీక్షలో లప్పం మీదా పాత ఎమల్షన్ మీదా చుక్క దాదాపు ఒకే వేగంతో ఇంకేవరకు సీలర్ పని పూర్తి కాలేదని లెక్క. లప్పం పెట్టిన చోట రెండో విడత అవసరమైంది.

ప్రైమర్ మొత్తం 54.33 చదరపు మీటర్లకు 6.2 లీటర్లు పట్టింది, అంటే లీటరుకు 8.8 చదరపు మీటర్లు. డబ్బా మీద 10 నుంచి 12 అని ఉంది. ఆ అంకె నున్నటి, తక్కువ పీల్చుడున్న తలానికి చెందినది. కొత్త లప్పానికి తక్కువే వస్తుందని ముందుగా లెక్క కట్టుకోవాలి.

దశ 6: పైకప్పు, గోడలు

ఈ దశలో ఎక్కువ సమయం ‘కోటు’ అన్న మాట మీదే గడిచింది. కోటు అనేది కొలత కాదు. ఒక లీటరు పెయింట్‌ను 10 చదరపు మీటర్లకు సమంగా పరిస్తే తడి మందం 100 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). నీరంతా పోయాక అందులో ఘన పదార్థం మాత్రమే మిగులుతుంది; నేను తెచ్చిన ఎమల్షన్‌లో అది పరిమాణం ప్రకారం 38 శాతం. అంటే 38 మైక్రాన్లు. దీన్నే తిప్పి రాస్తే గోడ మీద మిగిలే మందం మిల్లీమీటర్లలో ఇలా వస్తుంది: డబ్బాలోంచి తీసిన లీటర్లను ఘన శాతంతో గుణించి, చదరపు మీటర్లతో భాగించాలి. ఎంత నీరు కలిపారన్నది ఈ లెక్కలోకి రాదు, ఎన్ని కోట్లు వేశారన్నదీ రాదు.

పక్కపక్కన ఒక్కో చదరపు మీటరు గళ్లు రెండు గీసి చూశాను. మొదటి గడికి 10 శాతం నీటితో రెండు కోట్లు; అసలు పెయింట్ 0.195 లీటర్లు పట్టింది, ఆరిన మందం 74 మైక్రాన్లు. రెండో గడికి 40 శాతం నీటితో మూడు కోట్లు. అసలు పెయింట్ 0.182 లీటర్లు, ఆరిన మందం 69 మైక్రాన్లు. మూడు కోట్ల గోడ రెండు కోట్ల గోడ కంటే పలుచన. పైగా వాటి కింద ముందే అంటించిన నలుపు తెలుపు కార్డు గీత రెండో గడిలోనే కొంచెం తొంగి చూస్తోంది. పని అప్పగించేటప్పుడు ‘రెండు కోట్లు’ అని రాయించుకోవడం కంటే ‘ఈ గోడలకు అసలు పెయింట్ ఇన్ని లీటర్లకు తగ్గకూడదు’ అని రాయించుకోవడమే మేలని నా అభిప్రాయం. ఖాళీ డబ్బాలు లెక్కపెట్టడానికి పరికరం అక్కర్లేదు.

తడి మందాన్ని కొలిచే పళ్ల రేకును కూడా వాడి చూశాను. పీల్చుడున్న గోడ నీటిని ముందే లాగేసుకోవడం వల్ల అది తక్కువ చూపింది. తలుపుకు పనికొచ్చింది, గోడకు పనికిరాలేదు.

మందం ఎందుకు ముఖ్యమో తుడిచే గోడలకు ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ‘వాషబుల్’ అని డబ్బా మీద రాసిన మాట వెనక ఐఎస్ఓ 11998 అనే తడి రుద్దుడు పరీక్ష ఉంటే దానికి విలువ. అందులో 200 సార్లు రుద్దాక 5 మైక్రాన్ల కంటే తక్కువ అరిగితే మొదటి తరగతి, 5 నుంచి 20 లోపు అరిగితే రెండో తరగతి, 20 నుంచి 70 లోపు అరిగితే మూడో తరగతి. మూడో తరగతి పెయింట్‌ను పలుచగా వేసి రుద్దితే కింది ప్రైమర్ కనబడటానికి ఎంతో సేపు పట్టదు. ఆ పరీక్షకు తీసుకునే పూతను 28 రోజులు ఆరనిస్తారు. కొత్త గోడ మీద మరక పడిందని మర్నాడే తడి గుడ్డతో రుద్దేవారు ఈ సంగతి గమనించాలి.

పైకప్పు మొదటి కోటులో రోలర్ వెడల్పుకు ఒకటి చొప్పున గీతలు పడ్డాయి. పక్క వరుస తగిలేసరికి ముందు వరుస అంచు ఆరిపోతే, అక్కడ రెండు పొరలు ఒకదాని మీద ఒకటి పడి గీతగా తేలుతుంది. పెయింటర్లు ‘తడి అంచు పోయింది’ అనేది దీన్నే. కిటికీ తెరిచి ఉండటం, పొడవు వైపు 4.2 మీటర్ల వరుసలు లాగడం దీనికి కారణాలు. మార్చినవి ఇవి:

1. గీతల మీద పీ220 తిప్పి, దుమ్ము తుడిచాను.
2. వేసేటప్పుడు కిటికీ మూసి, ఫ్యాను ఆపి, వేయడం అయ్యాక తెరిచాను.
3. పొడవు వరుసలు మాని, 3.6 మీటర్ల వైపు కిటికీ దగ్గర మొదలుపెట్టి లోపలికి వచ్చాను.
4. అంచుల కటింగ్‌ను (రోలర్ అందని అంచులను బ్రష్షుతో పూయడాన్ని) ఒక్క వైపుకే చేసి, అది తడిగా ఉండగానే రోలర్ తెచ్చి కలిపాను.

నాలుగోది గోడల విషయంలో మరీ ముఖ్యం. గది చుట్టూ ముందు బ్రష్షుతో కటింగ్ పూర్తిచేసి తరువాత రోలర్ పెడితే, ఆరాక గోడ చుట్టూ ఫోటో చట్రంలా ముదురు పట్టీ కనబడుతుంది. బ్రష్షు గీతలకూ రోలర్ గరుకుకూ వెలుతురు వేర్వేరుగా తగలడమే దీనికి మూలం. రోలర్‌ను మూలకు వీలైనంత దగ్గరగా తీసుకువెళ్తే బ్రష్షు పట్టీ సన్నబడుతుంది. రోలర్ బొచ్చు 10 మిల్లీమీటర్లది నున్నటి గోడకు సరిపోయింది. 18 మిల్లీమీటర్లది నారింజ తొక్క లాంటి బుడిపెలు మిగిల్చింది.

మెరుపు సంగతి ఒక్క మాట. మ్యాట్, సిల్క్, శాటిన్ అనే పేర్లు కంపెనీకో తీరుగా ఉంటాయి. ఈఎన్ 13300 ప్రకారం 60 డిగ్రీల కోణంలో 60 యూనిట్లూ ఆపైన ఉంటే గ్లాస్. 85 డిగ్రీల కోణంలో 10 కంటే తక్కువైతే మ్యాట్, 5 కంటే తక్కువైతే బాగా మ్యాట్. మెరుపు ఎక్కువైతే తుడవడం తేలిక, గోడ లోపాలు దాచడం కష్టం.

ఇప్పటివరకు: ప్రైమర్ 6.2 లీటర్లు, పైకప్పు ఎమల్షన్ 2.9 లీటర్లు (ఆరిన మందం 73 మైక్రాన్లు). గోడల ఎమల్షన్ 5.7 లీటర్లు (74 మైక్రాన్లు). ప్రైమర్ వేసిన గోడ మీద గళ్ల కోత ఫలితం 0. పాత ఆయిల్ పట్టీ ఉన్న చోట 1.

దశ 7: తలుపు

తలుపు రెండు వైపులా, అంచులతో, చట్రంతో కలిపి 5 చదరపు మీటర్లు. కర్ర ముడుల దగ్గర జిగురు పసుపు మచ్చగా పైకి ఊరుతుంది. ముడుల మీద ముందుగా లక్క ఆధారిత సీలర్ పూస్తే అది ఆగుతుంది. ఎనామిల్ ఎన్ని కోట్లు వేసినా ఆగదు.

నూనె ఆధారిత ఎనామిల్ ఆరే తీరు ఎమల్షన్ ఆరే తీరుకు వేరు. ఎమల్షన్‌లో నీరు పోగానే సన్నటి పాలిమర్ కణాలు దగ్గరికి చేరి ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి. ఎనామిల్‌లో ద్రావకం పోయిన తరువాత కూడా బైండరు (పూతను పట్టి ఉంచే పదార్థం) గాలిలోని ఆక్సిజన్‌తో చర్య జరిపి గట్టిపడాలి. తలుపు పలకల మధ్యనున్న గాడుల్లో పెయింట్ చేరి మందమైన చోట పైపొర ముందే చర్మం కట్టి, లోపల మెత్తగా మిగిలి, ముడతలు పడింది. దాన్ని గీకేసి, ముందు గాడులను దాదాపు పొడి బ్రష్షుతో పూసి, ఆ తరువాతే పలకలకు వెళ్లాను. పళ్ల రేకులో తడి మందం 90 మైక్రాన్లు మించకుండా చూస్తే ముడతా రాలేదు, జారుడూ లేదు.

‘ఆరింది’ అనే మాటను ఇక్కడ మూడుగా విడదీశాను. వేలు తాకితే అంటకపోతే అది పైపొర ఆరడం. ఎమరీ పెడితే ఉండలు కట్టకుండా పొడిగా రాలితే మరో కోటుకు సిద్ధం. బొటనవేలితో నొక్కి తిప్పినా మచ్చ పడకపోతే గట్టిపడినట్టు. అప్పుడే తలుపు మూయాలి.

నూనె ఎనామిల్ తుడిచిన గుడ్డలను ముద్దగా పడేయకూడదు. ఆరేటప్పుడు పుట్టే వేడి ముద్దలో చిక్కుకుంటే వాటంతట అవే అంటుకునే ప్రమాదం ఉంది. విప్పి బయట ఆరేయాలి, లేదా నీరున్న లోహపు డబ్బాలో వేసి మూయాలి.

ఇప్పటివరకు: అండర్‌కోటు 0.45 లీటర్లు, ఎనామిల్ 0.85 లీటర్లు.

దశ 8: వాల్‌పేపర్

రోళ్ల లెక్క చదరపు మీటర్లలో వేస్తే తప్పుతుంది. సాధారణ రోలు 0.53 మీటర్ల వెడల్పు, 10.05 మీటర్ల పొడవు, వైశాల్యం 5.33 చదరపు మీటర్లు. గోడ 9.9 కాబట్టి రెండు రోళ్లు చాలునని అనిపిస్తుంది. అసలు లెక్క పట్టీలది.

1. గోడ వెడల్పు 3.6ను 0.53తో భాగిస్తే 6.79, కావలసినవి 7 పట్టీలు.
2. ఎత్తు 2.75కు కోత కోసం పైనా కిందా 5 సెంటీమీటర్లు కలిపితే 2.85 మీటర్లు.
3. బొమ్మ 64 సెంటీమీటర్లకు ఒకసారి తిరిగి వస్తుంది. 2.85లో 64 సెంటీమీటర్లు నాలుగుకు మించి ఉన్నాయి కాబట్టి ఐదు పూర్తి బొమ్మలు, అంటే పట్టీకి 3.2 మీటర్లు.
4. రోలుకు 3 పట్టీలే వస్తాయి. 7 పట్టీలకు 3 రోళ్లు.

రోలు కాగితం మీది గుర్తులు ఈఎన్ 235 ప్రకారం ఉంటాయి. నీటి అల ఒకటి ఉంటే తడి స్పాంజితో అద్దవచ్చు, రెండు ఉంటే కడగవచ్చు, మూడు ఉంటే ఇంకా గట్టిగా కడగవచ్చు. అల మీద బ్రష్షు ఉంటే బ్రష్షుతో రుద్దవచ్చు. ఎదురెదురు బాణాలు ఒకే మట్టంలో ఉంటే బొమ్మ పక్క పట్టీతో నేరుగా కలుస్తుంది, ఎగుడుదిగుడుగా ఉంటే జరిపి కలపాలి. బాణం పక్కన సున్నా ఉంటే కలపనక్కర్లేదు. మూడు రోళ్ల మీదా బ్యాచి సంఖ్య ఒకటే కావాలి. వేరైతే రంగులో తేడా గోడ మీద పెట్టాకే తెలుస్తుంది.

నమూనా కాగితానికి జిగురు పూసి కొలిచాను. 530 మిల్లీమీటర్ల వెడల్పు నానాక 535 అయింది. నానీ నానకుండా అంటించిన ముక్క గోడ మీదే సాగి, మధ్యలో గాలి బుడగలు కట్టింది. సరిగ్గా నానిన ముక్క నున్నగా కూర్చుంది. కాబట్టి ప్రతి పట్టీకీ నానే సమయం ఒకటే ఉండాలి. జిగురు పూసిన ముఖాలను లోపలికి మడిచి, డబ్బా మీద చెప్పినంతసేపు అలాగే ఉంచి, ఆ వరుసలోనే అంటించాలి. నాన్‌వోవెన్ రకం నీటికి దాదాపు సాగదు. దానికి జిగురును గోడకే పూస్తారు. కొత్తగా చేసేవారు దానితో మొదలుపెట్టడమే సులువు.

గోడకు ముందుగా పలుచని జిగురు పూతతో ‘సైజింగ్’ చేశాను. అది పీల్చుడును తగ్గించి, పట్టీని అటూ ఇటూ జరపడానికి వీలిస్తుంది. మొదటి పట్టీని గోడ మూలకు ఆనించలేదు. దారానికి కట్టిన గుండు వేలాడదీస్తే, ఆ మూల 2.75 మీటర్ల ఎత్తులో 9 మిల్లీమీటర్లు వంకరగా ఉందని తేలింది. నిలువు గీత గీసి దాని ప్రకారం పెట్టి, మూలలో మిగిలిన వంకరను పట్టీ అంచు కోతలోకి నెట్టాను. అతుకులను చిన్న రోలర్‌తో నొక్కాను. ఉబ్బెత్తు బొమ్మ ఉన్న కాగితానికి ఆ రోలర్ పెడితే బొమ్మ చదునై అతుకు వెంబడి మెరుపు గీత మిగులుతుంది, దానికి స్పాంజి వాడాలి. బుడగలను వెంటనే సూదితో పొడవకూడదు. చాలావరకు కాగితం బిగిసేకొద్దీ అవే పోతాయి. ఆరిన తరువాత కూడా మిగిలిన వాటినే బ్లేడుతో కోసి, లోపలికి జిగురు పంపి నొక్కాను.

చివరి మొత్తం: లప్పం 26 కిలోలు; ప్రైమర్ 6.2 లీటర్లు, ఎమల్షన్ 8.6 లీటర్లు; అండర్‌కోటు, ఎనామిల్ కలిపి 1.3 లీటర్లు, వాల్‌పేపర్ 3 రోళ్లు, అందులో రెండు పట్టీలకు సరిపడా కాగితం మిగిలింది. మిగిలిన ఎమల్షన్ డబ్బాల మీద రంగు సంఖ్య, బ్యాచి సంఖ్య, కలిపిన నీటి శాతం, వేసిన గోడ పేరు రాసి ఉంచాను. కిటికీ కింది మూలకు వానాకాలం తరువాత ప్లాస్టిక్ షీటు మళ్లీ బిగించాల్సి ఉంది. గోడ వైపు బిందువులు కనబడితే పలక అడుగు గాడినీ, సీలెంటునూ ముందు చూడాలి.